తెల్లగుడ్డ తీయని ఫొటోలు

పర్వతాలు ముందుగా తన ఫోన్‌లో వైఫై ఆపేశాడు. బొటనవేలితో మొబైల్ డేటా తెరిచి, షాపు వెబ్‌సైట్ పేరు కొట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు. అది అతని అలవాటు. ఎవరి షాపుకు వెళ్లినా ముందు వాళ్ల కంప్యూటర్ ముట్టడు. ఎక్కడో తన ఇంట్లో కూర్చున్న గిరాకీకి ఏం కనిపిస్తోందో అది చూస్తాడు.

పేజీ వచ్చింది. పైన షాపు పేరు వచ్చింది. దాని కింద "పెళ్లికూతుళ్ల బ్లౌజులు" అన్న అక్షరాలు వచ్చాయి. ఆ కింద బ్లౌజులు ఉండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు, ఒక్కో డబ్బా మూలన చిరిగిన కాగితంలాంటి చిన్న గుర్తు.

"వచ్చినయా అన్నా?" అంది ప్రిసిల్లా అతని భుజం మీదుగా తొంగిచూస్తూ. షాపులో ఫొటోలు తీయడం, వాటిని సైట్‌లో పెట్టడం, బిల్లులు రాయడం ఆమె పని.

"డబ్బాలు వచ్చినయి చెల్లె. లోపట బ్లౌజులే రాలె."

మెట్టుగూడ మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పై అంతస్తులో ఉంటుంది ఆ మగ్గం వర్క్ షాపు. యజమాని లీలాకుమారి భీమవరం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడి చాలా కాలమైంది. పొద్దున్నే యాప్రాల్ నుంచి వచ్చి షాపు తెరుస్తుంది. ఈ రోజు వచ్చినప్పటి నుంచి కూర్చోలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీకీ కౌంటరుకూ మధ్య తిరుగుతోంది.

"ఆ యోగిత మళ్ళీ ఫోన్ చేసిందయ్యా పర్వతాలూ. ఇంకా ఖాళీగానే ఉందంట. వాళ్లమ్మ బట్టల సంచీ పట్టుకుని జనరల్ బజార్లో తిరుగుతోంది. సాయంత్రం బండికి కరీంనగర్ వెళ్లిపోవాలి. ఈలోపల పిల్ల డిజైన్ చెప్పకపోతే, అక్కడే ఏదో ఒక షాపులో ఇచ్చేసి పోతుంది."

యోగిత పుణెలో ఉద్యోగం చేసుకునే పెళ్లికూతురు. శ్రావణంలో పెళ్లి. ఆమెవీ, తల్లివీ, ఇద్దరు మేనత్తలవీ కలిపి బ్లౌజులన్నీ ఒకే చోట ఇస్తామన్నారు. ఆషాఢమంతా మగ్గాలు ఖాళీగా పడి ఉన్న షాపుకు అది మామూలు బేరం కాదు. చేతికి పని లేక, మగ్గం మీద కుట్టే కారిగర్లలో సగం మంది బోనాలకని ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలిన పెద్ద కారిగర్ ఓంప్రకాశ్ ఖాళీ మగ్గం ముందు కూర్చుని, ఆరీ సూదులను ఒకదాని తర్వాత ఒకటి నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. నిన్న కూడా అవే తుడిచాడు.

"వాట్సాప్‌ల పంపలేదా?" అని అడిగాడు పర్వతాలు.

"పంపాను. జూమ్ చేస్తే పూసలన్నీ ఉడికిన పప్పులా కలిసిపోయాయంది. ఆ పిల్ల డిజైన్ చూసే రకం కాదయ్యా, కుట్టు చూసే రకం. ముడి ఎక్కడ పడిందో కూడా చూస్తుందిట."

"మంచి పిల్ల," అన్నాడు ఓంప్రకాశ్ తలెత్తకుండా.

కంప్యూటర్ తెర పైఅంచుకు దారంతో నిమ్మకాయా, నాలుగు పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి. పర్వతాలు వాటిని ఒక పక్కకు జరిపి కుర్చీ లాక్కున్నాడు.

"ఎవరివో కళ్లు పడ్డాయి సైట్ మీద. పొద్దున నేనే కట్టాను," అంది లీలాకుమారి.

"పడ్డ కళ్లకు సుత ఖాళీ డబ్బాలే కనవడ్డయి కదమ్మా. ఉత్తగ పోయినట్టున్నరు పాపం."

ప్రిసిల్లా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

పర్వతాలుది లాలాగూడ. తండ్రి రైల్వేలో పని చేసేవాడు. బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, ఆ మోత విని, ఎక్కడ పగులుందో చెప్పడం ఆయన పని. కొట్టిన చక్రాన్నే రెండోసారి కొట్టి విన్న తర్వాత గానీ నోరు తెరిచేవాడు కాదు. పర్వతాలుకు రైల్వే ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లు కేబుల్ టీవీ వైర్లు లాగాడు. తర్వాత మెట్టుగూడలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కుర్చీలు తుడిచే పనికి చేరి, కంప్యూటర్లు బాగుచేసేదాకా వచ్చాడు. ఫోన్లలోకే ఇంటర్నెట్ వచ్చి సెంటర్ మూతపడ్డప్పుడు, ఓనరు అమ్మేయగా మిగిలిన ఒక పాత మిషన్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని వంటింటి గూట్లో పెట్టి, సర్వర్‌గా మార్చి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నాడు. ఆ ఫ్యాన్ మోతకు భార్య పుష్పమ్మ "మా ఆడబిడ్డ గురక పెడ్తున్నది" అనేది. వంట గ్యాస్ అయిపోయిన రోజు కంటే ఆ మిషన్ ఆగిపోయిన రోజే ఆమెకు ఇల్లు బోసిగా అనిపించిందట.

ఇప్పుడు మెట్టుగూడ నుంచి యాప్రాల్ దాకా చిన్న చిన్న షాపుల సైట్లు అతని చేతిలో ఉన్నాయి. ట్యూషన్లు, క్యాటరింగ్, టెంట్‌హౌస్, ఈ మగ్గం షాపు. చక్రం మోత వినకుండా పగులు గురించి మాట్లాడడం మాత్రం అతనికి ఇప్పటికీ రాదు.

మొదట ఫోన్‌లో పక్క పేజీ తెరిచాడు. చీరల కుచ్చుల ఫొటోలు ఠక్కున వచ్చాయి. ఫాల్స్ పేజీ చూశాడు. అదీ బాగుంది.

"అంటే సర్వర్ నడుస్తున్నది. నెట్ మంచిగుంది. తక్లీఫ్ అంత పెళ్లికూతుళ్ల పేజీలనే."

తర్వాత ఖాళీ డబ్బాల్లో ఒకదాని మీద వేలు నొక్కిపట్టి, ఆ ఫొటో ఒక్కటే విడిగా తెరుచుకునేలా చేశాడు. బ్లౌజు రాలేదు. తెల్లటి తెర మీద ఇంగ్లిష్‌లో ఒక ముక్క వచ్చింది. దాన్ని చూసి పర్వతాలు కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమయింది? పోయాయా?" అంది లీలాకుమారి.

"పోలేదమ్మా. పోతే సర్వర్ 'లేదు' అంటది. ఇది 'లేదు' అంటలేదు, 'ఇయ్య' అంటున్నది. లేదనుడు వేరు, ఇయ్యననుడు వేరు. ఫొటో ఆడనే ఉన్నది. చూపెట్టేందుకు పర్మిషన్ లేదంట."

"నా ఫొటోలు నాకివ్వననడానికి అదెవరయ్యా?"

"అదే అడుగుదాం. జెర ఆగుండ్రి."

ప్రిసిల్లాకు ఇది నచ్చలేదు. ఆమె అతని పక్కనుంచి చెయ్యి చాపి, తెర మీద తాను రోజూ ఫొటోలు పెట్టే కిటికీ తెరిచింది. బ్లౌజులన్నీ ముచ్చటగా వరసలో ఉన్నాయి. నెమళ్లు, మామిడిపిందెలు, కుందన్లు, ముత్యాల అంచులు.

"ఈడ మంచిగనే కనవడ్తున్నయి కదా అన్నా. పొద్దటి సంది అమ్మకు గిదే చెప్తున్న. అన్నీ ఉన్నయి."

"నీకు కనవడ్తయి చెల్లె. పెట్టింది నువ్వే కదా, ఓనరు తాళంచెవి నీ తాన ఉంది. బయటోళ్లు అడిగితే తీస్కపోయి చూపెట్టేది సర్వర్‌ల ఇంకో మనిషి అనుకో. ఆయన తాన చెవి లేదు. ఆయనకు తలుపు తెరుస్తలేదు."

సర్వర్ తన కష్టసుఖాలన్నీ రాసి పెట్టుకునే లాగ్ ఒకటి ఉంటుంది. పర్వతాలు దాన్ని తెరిచి చివరి వరసలు చూశాడు. అడిగిన ప్రతి బ్లౌజుకూ ఒకటే మాట ఉంది: చదవడానికి పర్మిషన్ లేదు. రెండోసారి చక్రం కొట్టి విన్నట్టయింది. కనిపిస్తున్న కుచ్చుల ఫొటో ఒకటీ, కనిపించని బ్లౌజు ఫొటో ఒకటీ పక్కపక్కన పెట్టి వాటి గుర్తులు చూశాడు. కుచ్చుల ఫొటోను ఎవరైనా చూడొచ్చని ఉంది. బ్లౌజు ఫొటోను పెట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చూడకూడదని ఉంది.

ఆ గుర్తును పర్వతాలు వెంటనే పోల్చుకున్నాడు. అది తాను వేసిందే.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురి బ్లౌజు మగ్గం మీంచి దిగగానే దాని మీద తెల్లగుడ్డ కప్పుతారు. పెళ్లి అయ్యేదాకా ఇంకో పెళ్లివారి కంట పడనివ్వరు. దిష్టి అని లీలాకుమారి పట్టుదల. ప్రిసిల్లా చర్చికి వెళ్లే మనిషి, దిష్టిని నమ్మదు, కానీ అందరికంటే జాగ్రత్తగా గుడ్డ కప్పేది ఆమే. "నమ్మకం అమ్మది, డ్యూటీ నాది" అంటుంది. సైట్ పెట్టినప్పుడు ఫొటోలకు కూడా ఇదే పద్ధతి కావాలని లీలాకుమారి అడిగితే, పర్వతాలు "పరదా" అని ఒక ఫోల్డర్ చేసి ఇచ్చాడు. అందులో పెట్టిన ఏ ఫొటోకైనా దానంతట అదే తాళం పడుతుంది. పెళ్లి అయ్యాక అందరూ చూసే ఫోల్డర్‌లో పెట్టుకోవాలి.

"చెల్లె, నిన్న ఏమన్న సదిరినవా?"

ప్రిసిల్లా మొహం కాస్త పాలిపోయింది. "సాఫ్ చేసిన అన్నా. ఆషాఢం కదా, పని లేదు. పరదాల ఒక కాపీ, బయట ఒక కాపీ. రెండు రెండు ఎందుకు జాగా దండుగ అని పరదాలయన్ని తెచ్చి బయట పెట్టిన. జ్యేష్ఠం ముహూర్తాలు అయిపోయినయి, ఇగ దాచిపెట్టేది ఏముంది అనుకున్న."

"ఎప్పట్లెక్క కాపీ చేసినవా, కట్ చేసినవా?"

"కట్ చేసిన. 'ఉన్న దాని మీద పెట్టమంటవా' అనడిగింది. పెట్టమన్న."

"అయితే నువ్వేనా," అంది లీలాకుమారి. "పొద్దుటి నుంచి ఊళ్లో వాళ్లందరి కళ్లనీ తిట్టుకున్నాను నేను."

"కట్ చేస్తే ఏమైతది అన్నా? ఫొటో గదే కదా," అని ప్రిసిల్లా పర్వతాలునే అడిగింది.

పర్వతాలు చెప్పబోయి, మాటలు పెంచడం ఇష్టం లేక లేచాడు. మూలన కొయ్యకు తగిలించిన హ్యాంగర్ మీద తెల్లగుడ్డ కప్పిన బ్లౌజు ఒకటి ఉంది. దాన్ని గుడ్డతో సహా తీసుకొచ్చి, అద్దాల బీరువా తెరిచి, మధ్యలో వేలాడదీసి, తలుపు వేశాడు.

"ఇప్పుడు చూపెట్టు అమ్మకు."

"గుడ్డ తియ్యలేదు కదా అన్నా."

"నిన్న నువ్వు చేసింది గదే. కట్ చేసి తెస్తే ఫొటో దాని తాళంతోనే వస్తది. జాగా మారుతది, గుడ్డ మారదు. కాపీ చేస్తే అది కొత్త బ్లౌజు కుట్టి బీరువాల పెట్టినట్టు, దానికి గుడ్డ ఎవ్వలు కప్పలె. గుడ్డ లేనివన్ని తీసేసి వాటి జాగల గుడ్డ కప్పినయి పెట్టినవ్."

లీలాకుమారి అద్దాల బీరువా వైపు కాసేపు చూసి, తిట్టడానికి తెరిచిన నోటితోనే నవ్వేసింది. "తెల్లగుడ్డల షోరూమ్ పెట్టామన్నమాట."

ఫోన్ మోగింది. యోగిత తల్లి. జనరల్ బజార్లో ఎవరో మంచి డిజైన్లు చూపిస్తున్నారని, ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగింది. లీలాకుమారి "ఇదిగో, గుడ్డ తీస్తున్నామండీ" అని చెప్పి పెట్టేసింది. అవతలి ఆవిడకు ఏమర్థమైందో తెలియదు.

"ఒక్క దెబ్బకు అన్నిటి తాళాలు తీసెయ్యరాదా అన్నా," అన్నాడు ఓంప్రకాశ్ మగ్గం దగ్గర్నుంచి. "టైం లేదు."

అది నిజమే. ఫోల్డర్ మొత్తానికీ తాళాలు తీసే ఆజ్ఞ ఒకే ఒక్క వరస. పర్వతాలు ఆ వరస రాశాడు కూడా. చివరి మీట మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"అమ్మా, ఇందుల ఉన్నోళ్లందరి పెళ్లిళ్లు అయినయా?"

"జ్యేష్ఠంలో ముహూర్తాలన్నీ అయిపోయాయిగా."

"ముహూర్తాలు అయినయి. పెళ్లిళ్లు అయినయా అంటున్న."

పర్వతాలు రాసిన వరసను చెరిపేశాడు. "చెల్లె, కుర్చీ ఇట్ల తెచ్చుకో. ఒక్కో ఫొటో చూపెడ్త. పెళ్లయిందంటే తీస్త. నీకు యాదుంటది కదా."

ప్రిసిల్లాకు పెళ్లికూతుళ్లు పేర్లతో గుర్తుండరు, బ్లౌజులతో గుర్తుంటారు. ఎర్ర పట్టు మీద తామరలు, అల్వాల్ అమ్మాయి, అయిపోయింది, స్వీట్లు కూడా పంపారు. పర్వతాలు ఆ ఒక్క ఫొటో తాళం తీసి, తన ఫోన్‌లో పేజీ మళ్లీ తెరిచాడు. ఖాళీ డబ్బాల వరసలో ఒక డబ్బా ఎర్రగా వెలిగింది. తామరరేకుల మీద జర్దోసి తీగ మెరుస్తూ కనిపించింది.

"వచ్చిందన్నా," అంది ప్రిసిల్లా మెల్లగా. అప్పుడు గానీ ఆమె భుజాలు కిందికి దిగలేదు.

ఆ తర్వాత పని పరుగులు తీసింది. ముత్యాల అంచు, బోయిన్‌పల్లి, అయిపోయింది. నెమళ్లు, పెళ్లికి మనం కూడా వెళ్లాం, భోజనాలు ఆలస్యమయ్యాయి. ఏనుగుల వరస, ఆ పిల్లే కొలతలు మూడుసార్లు మార్చింది, అయిపోయింది. ఆమె చెప్పడం, అతను తీయడం, ఫోన్‌లో డబ్బాలు ఒక్కొక్కటిగా నిండడం. ఓంప్రకాశ్ కూడా సూదులు వదిలి వచ్చి వెనక నిలబడ్డాడు. తన చేతి పనిని వరసగా చూసుకోవడం అతనికి కొత్తలా ఉంది.

ఆకుపచ్చ పట్టు మీద జంట చిలకలున్న ఫొటో వచ్చేసరికి ప్రిసిల్లా పర్వతాలు మణికట్టు పట్టుకుంది.

"ఆగన్నా. కల్పలతది ఇది. ఈ పిల్ల పెళ్లి కాలె. వాళ్ల నాయనమ్మ చనిపోయిందని శ్రావణానికి జరిపిండ్రు. బ్లౌజు తీస్కపోలేదు, గదే అద్దాల బీరువాల మీరు పెట్టింది."

నలుగురూ బీరువా వైపు తిరిగారు. తెల్లగుడ్డ కింద నుంచి ఆకుపచ్చ అంచు వేలెడంత కనిపిస్తోంది.

లీలాకుమారి నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు. "కల్పలత అమ్మమ్మ సీతారత్నం గారు రోజూ ఈ సైట్ చూస్తారు. చిలకలు కనిపిస్తే ఆవిడ ఈ మెట్లెక్కి వచ్చి నన్నేం అడిగేవారో. చూశారా, ఆ తాళం ఉండబట్టి బతికాం."

"నేను కట్ చెయ్యబట్టే తాళం ఉన్నది అమ్మా," అంది ప్రిసిల్లా. "కాపీ చేసుంటే నిన్ననే చిలకలు బజార్ల వడేటివి."

"నిన్ను తిట్టాలా మెచ్చుకోవాలా?"

"సగం తిట్టుండ్రి. ఎక్కువ తిట్టకుండ్రి."

పర్వతాలు చిలకలను తిరిగి పరదాలోకి చేర్చాడు. ఓంప్రకాశ్ వెళ్లి బీరువాలోని బ్లౌజును తీసి, గుడ్డ సరిగ్గా కప్పి, మళ్లీ మూల కొయ్యకు తగిలించాడు. మిగిలిన ఫొటోలు కూడా అయిపోయాక పర్వతాలు పేజీని తన ఫోన్‌లో ఒకసారి, లీలాకుమారి ఫోన్‌లో వైఫై ఆపి ఒకసారి చూశాడు. ఎక్కడా ఖాళీ డబ్బా లేదు.

"ఇప్పుడు చెప్పుండ్రి ఆ పిల్లకు."

లీలాకుమారి ఫోన్ స్పీకర్‌లో పెట్టి కౌంటర్ మీద ఉంచింది. యోగిత అవతల ఒక్కో ఫొటోనూ పెద్దది చేసి చూస్తున్నట్టుంది. పుణెలో ఎక్కడో ఆటో హారన్లు వినిపించాయి.

"ఆంటీ, ఎర్ర తామరలది చూస్తున్న. రేకు కొసకు తీగ మలిపిన కాడ ముడి కనవడ్తలేదు. యాడ దాచిండ్రు?"

ఓంప్రకాశ్ గొంతు సవరించుకున్నాడు. "రేకు కింద లోపలికి తీస్కపోయి, పక్క పూస కింద వేసిన బిడ్డా."

"మీరేనా కుట్టింది? నాకు గదే కావాలె. మావి అన్ని మీరే కుట్టాలె. ఖాళీ ఉన్నదా మీకు?"

ఓంప్రకాశ్ తన ఖాళీ మగ్గం వైపు, తళతళలాడే సూదుల వైపు చూశాడు. "చూస్త బిడ్డా," అన్నాడు. "జర్ర జరుపుకుంట."

లీలాకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి యోగిత తల్లి రొప్పుతూ మెట్లెక్కి వచ్చి, బట్టల సంచీని కౌంటర్ మీద దించింది. "బండికి టైం ఉంది గదా, చాయ్ తాపుండ్రి" అంది. ఓంప్రకాశ్ ఎర్ర పట్టు ముక్క విప్పి, వెలుతురులో పట్టి చూసి, మగ్గం కర్రల తాళ్లు బిగించడం షురూ చేశాడు.

పర్వతాలు మాత్రం ఇంకా లేవలేదు. ప్రిసిల్లా రోజూ చూసే కిటికీలో, పరదా ఫోల్డర్ పక్కన, ఒక మీట తయారుచేస్తున్నాడు. దాని మీద "పెళ్లయింది" అని రాశాడు. అది నొక్కితే ఫొటో పరదాలోంచి బయటికి వస్తుంది, గుడ్డ కూడా అప్పుడే తొలగిపోతుంది. నొక్కగానే మాత్రం కాదు. "నిజంగా అయిందా?" అని ఒకసారి అడుగుతుంది.

"ఇగ కట్ చేసుడు లేదు, కాపీ చేసుడు లేదు. పని చేస్తదో లేదో నువ్వే చూడు చెల్లె."

"ఎవరి ఫొటోతోని చూడాలె? పరదాల కల్పలతదొక్కటే ఉన్నది కదా."

పర్వతాలు తన ఫోన్‌లో వెతికి, లాలాగూడలో ఇంటి ముందు నిలబెట్టిన తన స్కూటర్ ఫొటో ఒకటి పరదాలో వేశాడు. ప్రిసిల్లా కుర్చీలో కూర్చుంది. "పెళ్లయింది" నొక్కింది. "నిజంగా అయిందా?" అని అడిగింది తెర.

"అయిందా అన్నా?"

"పాతదే గని, అయిందను."

ఆమె అవునంది. పర్వతాలు ఫోన్‌లో పేజీ మళ్లీ తెరిచాడు. నెమళ్లకూ ఏనుగులకూ మధ్య, అద్దం పగిలిన స్కూటర్ నిండుగా నిలబడి ఉంది.

అప్పుడే కౌంటర్ మీద ఫోన్ మోగింది. యోగిత. "ఆంటీ, మీరు స్కూటర్లకు సుత వర్క్ చేస్తరా?"

చాయ్ తాగుతున్న ఆమె తల్లికి పొరపోయింది. ప్రిసిల్లా నవ్వుతూనే స్కూటర్ ఫొటో తీసేసి, వైఫై ఆపిన తన ఫోన్‌లో పేజీని తానే చూసుకుంది. అన్నీ బ్లౌజులే. పర్వతాలు నిమ్మకాయా మిరపకాయల దారాన్ని మళ్లీ తెర మధ్యకు జరిపి, కళ్లద్దాలు జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇగ నీ చేతిల ఉన్నది చెల్లె," అని హెల్మెట్ అందుకున్నాడు.